కప్పగారి కుర్చీ

నేను చచ్చిపోయానని నమ్ముతున్న మనిషి ఒకాయన ఈ ఊళ్లోనే తిరుగుతున్నాడు. ఆయన్ని పట్టుకోవాలి. పట్టుకుని, బతికే ఉన్నానని చెప్పాలి.

కొన్ని నెలలుగా మా ఇంట్లో ఇదే గొడవ.

నేను లిఫ్టులు బాగుచేసే మెకానిక్‌ని. ఒక షాపింగ్ కాంప్లెక్స్‌లో పని ముగించుకుని, టూల్ బాక్స్ మోసుకుంటూ బయటికి వస్తుంటే గాజు తలుపు భళ్లున పగిలి మీద పడింది. తలకి హెల్మెట్, కళ్లకి అద్దాలు, ముక్కుకి మాస్కు ఉన్నాయి కాబట్టి ముఖం దక్కింది. కుడి చెయ్యి దక్కేలా లేదు. మణికట్టుకి కొంచెం పైన తెగింది. రక్తం కుళాయి విప్పినట్టు కారింది. జనం మూగారు. అందరూ అరిచారు. ఒక్కాయన మాత్రం అరవలేదు. నా పక్కన మోకాళ్ల మీద కూర్చుని, సంచిలోంచి ఒక గుడ్డ లాగి, మోచేతికి కిందుగా బిగించి, నా స్క్రూడ్రైవర్‌నే ముడిలో దూర్చి మెలిపెట్టాడు. రక్తం ఆగింది. అంబులెన్సులో నా చెయ్యి పైకెత్తి పట్టుకుని ఆస్పత్రి దాకా వచ్చాడు.

"మాట్లాడుతూ ఉండండి. ఏదో ఒకటి మాట్లాడండి" అన్నాడు.

నేను మాట్లాడలేదు. స్పృహ తప్పాను.

తర్వాత జరిగింది ఆస్పత్రి గుమ్మం దగ్గర ఉండే సెక్యూరిటీ అతను మా ఆవిడకి చెప్పాడు. ఆయన చేతులు కడుక్కోవడానికి వెళ్లాడట. ఆ కాస్త సేపట్లో నన్ను ఆపరేషన్‌కి తోసుకుపోయారు. అదే చోట ఇంకెవరిదో స్ట్రెచర్ వచ్చి ఆగింది. ముఖం మీదుగా దుప్పటి కప్పి ఉంది. ఆయన తిరిగొచ్చి, చూసి, ఆ దుప్పటి మీద అరచెయ్యి ఆనించి కాసేపు నిలబడ్డాడు. ఎవరినీ ఏమీ అడగలేదు. వెళ్లిపోయాడు.

"ఏడుస్తూ పోయాడమ్మా. సొంత మనిషేమో అనుకున్నా" అన్నాడు సెక్యూరిటీ అతను.

మా ఆవిడ టైలర్. ఏ పనీ సగంలో వదిలే రకం కాదు.

"మీరు బతికారు, సరే. ఆయనేమో తన చేతుల్లో ఒక మనిషి పోయాడని కుమిలిపోతున్నాడు. ఇదేం న్యాయమండీ?" అంది. అన్న రోజు నుంచి ఊరు గాలించడం మొదలుపెట్టింది.

గాలింపుకి నాయకుడు మా మామయ్య. పోస్టాఫీసులో రిటైరయ్యాక ఆయన డిటెక్టివ్ నవలలు తప్ప మరొకటి ముట్టలేదు. నా చేతిని 'కేసు' అంటాడు. కాంప్లెక్స్ చుట్టూ గోడల మీద కాగితాలు అంటించాం: చెయ్యి తెగిన మనిషి బతికే ఉన్నాడు, కట్టు కట్టినవారు దయచేసి ఫోన్ చెయ్యండి. ఒకడొచ్చాడు. ఛాతీ విరుచుకుని సోఫాలో కూర్చుని, ఆ కట్టు కట్టింది నేనే అన్నాడు.

"ఏ చేతికి కట్టావు నాయనా?" అడిగాడు మామయ్య.

"రెండిటికీ" అన్నాడు వాడు.

మామయ్యే వాణ్ణి గేటు దాకా సాగనంపి వచ్చాడు.

రక్తం పోయి కళ్లు తిరిగిన నాకు ఆయన ముఖం గుర్తులేదు. మిగిలిన ఆధారం ఒక్కటే. ఆ గుడ్డ. ఎరుపూ తెలుపూ గళ్లది, భోజనాల దగ్గర ఒళ్లో పరుచుకునే రకం. ఆస్పత్రిలో కత్తిరించి, నా వాచీతో పాటు ప్లాస్టిక్ సంచిలో పెట్టి ఇచ్చారు. మా ఆవిడ ఎన్నిసార్లు ఉతికినా మరక పోలేదు. చిరుగు మాత్రం కుట్టింది. ఆ గుడ్డకి ఒక మూల ఆకుపచ్చ దారంతో చిన్న నత్త బొమ్మ ఉంది.

"ఇది మిషన్ కుట్టు కాదు. ఎవరో కూర్చుని, ప్రేమగా చేత్తో కుట్టారు. కొట్లో దొరికే సరుకు కాదిది" అంది.

అంతవరకే. ఆ తర్వాత దారి మూసుకుపోయింది.

దారి తెరిచింది లిఫ్టే. మనుషులెక్కే లిఫ్టు కాదు. చెయ్యి కాస్త స్వాధీనంలోకొచ్చి మళ్లీ పనిలో చేరిన కొత్తల్లో, ఒక ఇటాలియన్ రెస్టారెంట్ నుంచి పిలుపు వచ్చింది. సెల్లార్లో వంటగది, పైన రోడ్డు వైపు భోజనాల హాలు. మధ్యలో గిన్నెలు పంపే బుల్లి లిఫ్టు మొరాయించింది. వంటగదిలో సరిచేసి, పైకి సరిగ్గా వస్తోందో లేదో చూద్దామని హాల్లోకి వెళ్లాను.

గోడకి చెక్క గూళ్లు. గూటికొక గళ్ల గుడ్డ. ప్రతి గుడ్డా మూల బయటికి కనిపించేలా మడిచి ఉంది. చేప. గొడుగు. తాళంచెవి. కప్ప. ఆ పై వరసలో నత్త.

నా చేతిలోని పానా కింద పడింది.

వంటవాడు పరిగెత్తుకొచ్చాడు. "ఏమైంది? మళ్లీ ఆగిపోయిందా?"

"ఆ నత్త ఎవరిది?"

"పాత గిరాకీలకి ఎవరి గుడ్డ వాళ్లది సార్. మా ఓనరు, పెద్దమ్మ అంటాం, ఒక్కొక్కరికీ ఒక్కో బొమ్మ కుట్టింది. నాకు వాళ్ల మొహాలు తెలీవు, వాళ్ల ఆకళ్లే తెలుసు. వాళ్లంతా ఆదివారం మధ్యాహ్నం వస్తారు. మీరూ రండి, కానీ సీటు ముందే చెప్పుకోవాలి."

అక్కడికక్కడే మూడు సీట్లు చెప్పుకున్నాను.

ఆదివారం మామయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని మాకంటే ముందే తయారయ్యాడు. రెస్టారెంట్ తలుపు నిలువెత్తు గాజు. నేను రెండడుగులు వెనకే ఆగిపోయాను. దెబ్బ తగిలినప్పటి నుంచి గాజు తలుపు ముట్టుకోలేను. చెయ్యి దానంతట అదే ముడుచుకుపోతుంది. మా ఆవిడ తలుపు తోసి పట్టుకుంది. ఎప్పుడూ అంతే.

లోపల వెల్లుల్లి, వెన్న, కాల్చిన రొట్టె వాసన. హాలు పొడుగునా ఒకటే బల్ల. అందరూ కలిసి ఒకే బల్ల దగ్గర తినే పద్ధతి. పెద్దమ్మ ఎదురొచ్చింది. తెల్లటి జుట్టు, జేబులో కత్తెర, మెడలో కళ్లజోడు.

"కొత్తవాళ్లా? మీరిద్దరూ ఇటు, ఈ పెద్దాయన అటు" అని చూపించింది.

మధ్యలో ఒక కుర్చీ బల్లకి ఆనించి వాల్చి ఉంది. మామయ్యతో గుసగుసలాడాలి కదా, నేను ఆ కుర్చీ నిలబెట్టి కూర్చున్నాను. నాకు చూపించిన కుర్చీ ఖాళీగా మిగిలింది.

బల్ల చుట్టూ తలలన్నీ నా వైపు తిరిగాయి.

"అది కప్పగారి కుర్చీ" అంది ఎదురుగా కూర్చున్నావిడ. ఆవిడ ఒళ్లో గుడ్డ మీద గొడుగు బొమ్మ ఉంది.

లేవబోయాను. పెద్దమ్మ నా భుజం మీద చెయ్యి వేసింది. "కూర్చో నాయనా. ఆయన వచ్చేదాకా కూర్చో. వచ్చినా కూర్చోడట. ఊరు వదిలి పోతున్నాడు. తన గుడ్డ తీసుకుని ఇటు నుంచి ఇటే బస్సెక్కుతానని ఫోన్ చేశాడు."

నా కళ్లు నత్త గూటి మీదే ఉన్నాయి. కప్పగారి సంగతి నాకెందుకు?

ఇంతలో లిఫ్టు గంట మోగింది. నేను బాగుచేసిన లిఫ్టే. ఒక పళ్లెం నిండా పొగలు కక్కుతున్న పాస్తా, ఇంకో దాంట్లో జున్ను పొరల లసాన్యా. పొద్దుట్నుంచి కడుపు మాడ్చుకున్న మామయ్య గరిటె అందుకుని తన ప్లేట్లో వేసుకున్నాడు. అంతే, బల్ల చుట్టూ చెంచాలతో దరువు మొదలైంది. మామయ్య దొంగలా గరిటె వదిలేశాడు.

"ఇక్కడ ఎవరికి వాళ్లు వడ్డించుకోకూడదండీ. మీ కుడి పక్కవాళ్లకి మీరు పెట్టాలి. మీకు ఎడం పక్కవాళ్లు పెడతారు" అంది గొడుగమ్మ నవ్వుతూ.

"ఆ ఎడం పక్కవాడు మా అల్లుడైతే?"

"అయితే అల్లుణ్ణి మంచి చేసుకోండి."

బల్లంతా నవ్వింది. అప్పుడే తలుపు తీసుకుని ఒకాయన వచ్చాడు. భారీ మనిషి. గోడ దగ్గరికెళ్లి పై వరస గూట్లోంచి నత్త గుడ్డ తీసి మెడకి చుట్టుకున్నాడు.

మామయ్య లేచిన వేగానికి కుర్చీ వెనక్కి పడింది. ఏమీ అడగకుండా ఆయన్ని వాటేసుకున్నాడు.

"బాబూ! మా అల్లుడు బతికే ఉన్నాడు!"

ఆయన కంగారుగా అటూ ఇటూ చూశాడు. "సంతోషమండీ. ఎప్పుడు పోయాడు?"

"మీ చేతుల మీదే కదా!"

"నేనెవర్నీ ఏమీ చెయ్యలేదండీ! నాది మందుల షాపు!"

మా ఆవిడ కలగజేసుకుని, హ్యాండ్‌బ్యాగ్‌లోంచి గుడ్డ తీసి బల్ల మీద పరిచింది. ఆయన కళ్లు పెద్దవయ్యాయి.

"ఇదే! నా పాత గుడ్డ! ఇది పోయిందని పెద్దమ్మ మీద అలిగి రెండు ఆదివారాలు రాలేదు కూడా. చివరికి కొత్తది కుట్టిచ్చింది." మరక మీద వేలు పెట్టి, చటుక్కున తీసేశాడు. "ఇది రక్తం కదూ?"

మా ఆవిడ జరిగిందంతా చెప్పింది. దుప్పటి దగ్గరికొచ్చేసరికి బల్ల దగ్గర ఎవరూ తినడం లేదు. పెద్దమ్మ వచ్చి, గుడ్డని వెలుగులో పట్టుకుని చూసి, నాకు చూపించిన ఆ ఖాళీ కుర్చీలో కూలబడింది.

"ఈ గుడ్డలు నేను ఉతకను. వారానికొకరు తమ వంతుగా అందరివీ ఇంటికి తీసుకెళ్లి ఉతికి తెస్తారు. కలిసి తినేవాళ్లు కలిసి పని చెయ్యాలని మా అత్తగారు పెట్టిన పద్ధతి. ఇది పోయిందే, ఆ వారం వంతు ఎవరిది?"

"గొడుగమ్మది" అన్నాడు నత్తగారు వెంటనే.

"అన్నీ నా నెత్తినే రుద్దండి! నేనప్పుడు మా చెల్లెలి పురిటికి వెళ్లాను. పోతూ పోతూ నా వంతు..." గొడుగమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "అయ్యో. కప్పగారికి అప్పజెప్పాను."

అందరూ నా వైపు చూశారు. కాదు, నేను కూర్చున్న కుర్చీ వైపు చూశారు.

"అవును, ఇప్పుడు గుర్తొచ్చింది" అంది పెద్దమ్మ. "ఆ సంచి గుమ్మంలోనే నా చేతికిచ్చి, ఒకటి తక్కువైంది పెద్దమ్మా అన్నాడు. ఎలా పోయిందో చెప్పలేదు. లోపలికి రాలేదు. ఆ తర్వాత ఏ ఆదివారమూ రాలేదు. ఈత కొలనులో పిల్లలకి ఈత నేర్పేవాడు, మునిగినవాళ్లని ఎలా కాపాడాలో నేర్పేవాడు. అదీ మానేశాడు. ఏమైందయ్యా అని ఫోన్ చేస్తే, నా చేతులు మంచివి కావు పెద్దమ్మా అన్నాడు. ఇంకెవరి పిల్లల్నీ ముట్టుకోను అన్నాడు."

మా ఆవిడ కళ్లు తుడుచుకుంది. మామయ్య మాత్రం అప్పటికే కేసులో ఉన్నాడు. "ఫోన్ చెయ్యండి! బస్సు ఎక్కడిది? అల్లుడూ, పద, బస్టాండుకి పోదాం!"

పెద్దమ్మ ఫోన్ చేసింది. మోగింది, మోగింది, ఆగిపోయింది. మళ్లీ చేసింది. అదే వరస.

"వస్తాడు. గుడ్డ తీసుకోకుండా ఈ ఇంట్లోంచి ఎవరూ పోలేదు" అంది. అంది గానీ మూడోసారి నంబరు నొక్కింది.

నేను తలుపు వైపే చూస్తున్నాను. అందుకే ముందు నాకే కనిపించాడు.

గాజుకి అవతల పొడుగాటి మనిషి. చేతిలో ప్రయాణం బ్యాగు. తలుపు పిడి మీద చెయ్యి వేసి, లోపలికి చూశాడు. బల్ల చుట్టూ అందరూ ఉన్నారు. తన కుర్చీలో ఎవడో కొత్తవాడు. వాడి పక్కనే పెద్దమ్మ కూర్చుని ఏదో చెబుతోంది. ఆయన ముఖంలో ఏదో ఆరిపోయింది. పిడి మీంచి చెయ్యి తీసేశాడు.

వెనక్కి తిరిగాడు.

తన చోటు ఇంకొకరికి ఇచ్చేశారనుకున్నాడు! ఆ ఇంకొకడు నేనే!

లేచాను. కుర్చీ తన్నుకుని, నత్తగారి బొజ్జని తప్పించుకుని పరిగెత్తాను. మా ఆవిడ నా వెనకే వస్తోంది కానీ బల్ల చుట్టూ తిరిగి రావాలి. తలుపు నా ఎదురుగా ఉంది. నిలువెత్తు గాజు. చెయ్యి ముడుచుకుపోయింది. అవతల ఆయన రోడ్డు దాటడానికి నిలబడ్డాడు. ఆటోలు, సైకిళ్లు. ఒక్క సందు దొరికితే దాటేస్తాడు. బస్సెక్కేస్తాడు. ఇంకే ఊళ్లోనో, ఇంకే గదిలోనో కూర్చుని, తన చేతుల వంక చూసుకుంటూ ఉండిపోతాడు.

కుడి అరచెయ్యి గాజు మీద పెట్టి తోశాను. తలుపు తెరుచుకుంది. పగల్లేదు.

"ఏవండీ!"

తిరగలేదు. రోడ్డు మీద అందరూ ఏవండీలే. ఆయన పేరు నాకు తెలియదు. తెలిసింది ఒక్కటే.

"కప్పగారూ!"

రోడ్డు మీద సగం మంది తిరిగారు. ఆయనా తిరిగాడు. నన్ను చూసి కొంచెం ఇబ్బందిగా నవ్వాడు.

"పర్లేదండీ, మీరు కూర్చోండి. నేను గుడ్డ కోసం వచ్చానంతే. తర్వాత పంపమని చెప్పండి, నాకు బస్సుకి టైమైంది."

చొక్కా చెయ్యి పైకి లాగి, చేతిని ఆయన ముందుకు చాచాను.

మణికట్టుకి పైన అడ్డంగా, తెల్లగా, కుట్ల గీతలతో మచ్చ. ఆయన దాన్ని చూశాడు. నా ముఖం ఆయనకి తెలియదు, ఆ రోజు చూసింది హెల్మెట్‌నీ మాస్క్‌నీ. కానీ ఈ చోటు తెలుసు. దాన్ని పైకెత్తి పట్టుకుని ఆస్పత్రి దాకా వచ్చాడు.

"మాట్లాడుతూ ఉండమన్నారు. అప్పుడు కుదరలేదు" అన్నాను.

ఆయన బ్యాగు కింద పెట్టలేదు. దానంతటదే జారిపోయింది. ముందుకొచ్చి, నా మణికట్టు కింద రెండు వేళ్లు ఆనించాడు. నాడి వెతికాడు. పట్టుకున్నాడు. కళ్లు మూసుకుని వింటున్నట్టు నిలబడ్డాడు. మమ్మల్ని తప్పించుకుంటూ జనం నడిచిపోతున్నారు. ఒకాయన హారన్ కొట్టాడు. మా ఇద్దరికీ పట్టలేదు.

"ఉంది" అన్నాడు.

"ఉందండీ. మీ దయవల్ల."

"మరి ఆ దుప్పటి..."

"ఎవరిదో నాకూ తెలీదు. నాది మాత్రం కాదు."

ఆయన నా చెయ్యి వదల్లేదు. చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. నాకూ ఆగలేదు. మా ఆవిడ వచ్చి, ఆయన బ్యాగు తీసి భుజానికి తగిలించుకుంది.

"రండన్నయ్యా. అన్నం వేళ. బస్సు పోతే పోనీండి" అంది, తోడబుట్టినవాణ్ణి పిలిచినట్టు.

గుమ్మంలో పెద్దమ్మ నిలబడి ఉంది. గూట్లోంచి కప్ప గుడ్డ తెచ్చి ఆయన భుజం మీద వేసి, వీపు మీద ఒక్కటి వేసింది.

"నాకొక్క మాట చెప్పొద్దూ? మనిషి పోయాడనుకుంటే చెప్పుకోవడానికి మేం లేమూ?"

"ఏం చెప్పను పెద్దమ్మా. నా ముడి తప్పైందేమో అని..."

"నీ ముడి తప్పైతే ఈయన నా లిఫ్టు బాగుచేసేవాడా? ముందు కూర్చో."

నేను నాకు చూపించిన కుర్చీలోకి జరిగాను. ఆయన తన కుర్చీలో కూర్చున్నాడు, నా కుడి పక్కన. నత్తగారు తన పాత గుడ్డ మడిచి మా ఆవిడ చేతికే తిరిగి ఇచ్చేశాడు. "ఇది మీ ఇంట్లోనే ఉండాలమ్మా. నాకు కొత్తది అలవాటైపోయింది" అన్నాడు.

లిఫ్టు గంట మళ్లీ మోగింది. వంటవాడు కింద నుంచి వేడి వేడి పళ్లెం ఇంకొకటి పంపాడు. అది చేతులు మారుతూ, తిరిగి తిరిగి నా దగ్గరికి వచ్చింది. నిండు పళ్లెం, బరువైన గరిటె. ఇలాంటి బరువు నా కుడి చెయ్యి ఇంకా మొయ్యలేదని డాక్టరు అన్నాడు. ఎడం చేత్తో వడ్డించొచ్చు. ఎవరూ ఏమీ అనుకోరు.

కుడి చేత్తోనే గరిటె పట్టుకున్నాను. గరిటె ఒక పక్కకి ఒరిగింది. కప్పగారు సాయం పట్టబోయి, ఆగి, చేతులు రెండూ ఒళ్లో పెట్టుకున్నాడు. నేను ఆయన ప్లేట్లో పాస్తా వేశాను. కొంచెం బల్ల మీద పడింది. ఇంకోసారి వేశాను. ఆయన చాలనలేదు. నేను ఆపలేదు. జున్ను తురుము కూడా నేనే చల్లాను.

ఆయన ప్లేటు వంక చూస్తూ కూర్చున్నాడు. అందరం ఆయన వంకే చూస్తున్నాం.

ఆయన కుడి పక్క నుంచి చిన్నగా చెంచా చప్పుడు వినిపించింది. మామయ్య.

"కప్పగారూ, ఏమీ అనుకోకండి. కేసు తేలిపోయింది. ఇక్కడ నా ప్లేటు ఇందాకట్నుంచీ ఖాళీగా ఉంది. పద్ధతి ప్రకారం నాకు మీరే పెట్టాలట."

కప్పగారు చేతులు ఒళ్లోంచి తీశాడు. ఒకసారి వాటిని చూసుకున్నాడు. గరిటె అందుకున్నాడు.